రేగడి మింగని దారి

మా ఊరు ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డులో, సంతనూతలపాడు దాటాక కాస్త లోపలికి ఉంటుంది. ఎద్దులకు పేరుపడ్డ జిల్లాలో మేం గుర్రాలు మేపుతాం. రెండే రెండు. రాణి తెల్ల ఆడగుర్రం, బాద్‌షా గోధుమ రంగు మగది. మా తాత ఒంగోల్లో జట్కా తోలేవాడు. జట్కాలు పోయాయి, గుర్రం మీద ప్రేమ మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకూ, దర్గాల్లో గంధం ఉత్సవాలకూ పంపుతాం. "గిత్తల్ని మేపుకోక ఈ గుర్రాలేందిరా నీకు" అని మా పక్క చేను బాబాయి ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

మాకున్న స్థలం 60 సెంట్లు. ఒక మూల పాత పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది), దాన్ని ఆనుకుని ఆకు గ్రేడింగ్ చేసిన షెడ్డు. ఆ షెడ్డే ఇప్పుడు గుర్రాల సాల. మిగతాదంతా ఖాళీ దొడ్డి, నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే నేల, నాలుగు వానలు పడ్డాయంటే చెప్పు ఊడబీకి ఉంచుకుంటుంది. చెప్పునే వదలని నేల నాలుగు వందల కిలోల గుర్రం లాడాన్ని వదులుతుందా?

మాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏడాది వానలో సగానికి దగ్గరగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. పెళ్లిళ్లు ఎక్కువగా ఉండే కార్తీకం కూడా అందులోనే. ధనుర్మాసం వస్తే ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలన్నరలో సంపాదించిందే సంక్రాంతి దాకా దాణా ఖర్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే దొడ్డి అడుసు మడిలా తయారయ్యేది.

2022లో మొదటిసారి ఏదో ఒకటి చేద్దామనుకున్నా. నవంబరు మొదటి వారం ముసురు తగ్గిన రోజు చూసి రెండు ట్రాక్టర్ల ఎర్ర గ్రావెల్ తోలించి షెడ్డు ముందు బురద మీదే పరిచేశాం. పరిచిన రోజు కళ్లకు పండగ. మా అమ్మ ఫోటో కూడా తీసింది. పది రోజులు కూడా నిలవలేదు. గుర్రం అడుగేసినప్పుడల్లా రాయి కిందకీ బురద పైకీ. పన్నెండో రోజుకు గ్రావెల్ ఎక్కడుందో పార పెట్టి వెతికితే జానెడు లోతులో తగిలింది. రేగడి మింగేసింది, అంతే.

తర్వాత ఊక పోసి చూశాం. నెల తిరక్కముందే కుళ్లి, పేడతో కలిసి, ఈగలు పట్టి ముందుకంటే ఘోరమైంది. కుళ్లేదేదీ బురదకు మందు కాదని అప్పుడే తెలిసొచ్చింది.

ఇక 2023లో చేసిన తెలివి తక్కువ పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. చీమకుర్తి పక్కనే ఉంటూ రాయి కొనడమేంటి అనిపించింది. గెలాక్సీ గ్రానైట్ కోసే ఫ్యాక్టరీల దగ్గర పక్క ముక్కలు గుట్టలుగా పడుంటాయి. తెలిసినవాళ్లను పట్టుకుని ఒక లోడు ఊరికే తెచ్చుకున్నా. షెడ్డు గుమ్మం ముందు 10 అడుగుల మేర నేల చదును చేసి పక్కపక్కనే పేర్చేశాం. నల్లటి రాయి, మధ్యలో చుక్కలు, ఎవరి బంగళా వాకిలో అన్నట్టుంది.

మొదటి చినుకుకే తేలిపోయింది. రాణి గుమ్మం దాటుతుంటే ఇనప లాడం తడి రాయి మీద సర్రుమంది. వెనక కాళ్లు రెండూ విడిపోయి, ముందుకు కూలబడి, మళ్లీ తనే లేచింది. మోకాలి మీద చర్మం అరచేతంత మేర చీరుకుపోయింది. విరగలేదు, మా అదృష్టం. గుర్రానికి ధనుర్వాతం చాలా తొందరగా పట్టుకుంటుంది కాబట్టి ఆ సాయంత్రమే ఇంజెక్షన్ చేయించాం. ఆ రాత్రే టార్చి వెలుగులో గడ్డపారతో ముక్కలన్నీ పెకలించి గోడ వారగా పడేశా. ఇప్పుడు వాటి మీద బట్టలు ఉతుక్కుంటున్నాం.

ఆ ఏడాది డిసెంబరు మొదట్లో మిచౌంగ్ వచ్చింది. 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను. మూడు రోజులు గుర్రాలను షెడ్డులోనే కట్టేశాం. గుర్రం ఆవు లాంటిది కాదు, కదలకుండా నిలబెడితే దానికి పడదు. పొద్దునకల్లా నాలుగు కాళ్లూ కింద వాచేవి, పది నిమిషాలు నడిపిస్తే దిగేవి. నడిపిద్దామంటే బయట బురద. వదిలితే బాద్‌షా రెండు లాడాలు బురదలోనే వదిలేసి వచ్చాడు. ఒకటి దొరికింది, రెండోది ఇప్పటికీ దొరకలేదు.

లాడాలు కొట్టే పెద్దాయన ఒంగోలు నుంచి వస్తాడు. మా నాన్న కన్నా పెద్దవాడు, మాట తక్కువ. రాణి కాలు ఎత్తి తొడల మధ్య ఇరికించుకుని, గిట్ట అడుగున మెత్తటి భాగం పక్కన కొక్కెంతో గీకాడు. నల్లగా, జిగటగా ఏదో వచ్చింది. ఆ కొక్కెం తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. చచ్చిన ఎలుక వాసన. "ఇది కాలుకొచ్చిన రోగం కాదు, నీ దొడ్డికొచ్చిన రోగం" అన్నాడు. ఆయన దగ్గర విన్న అతి పొడుగు మాట అదే అనుకుంటా.

గిట్ట కుళ్లుకు డాక్టరు గారు చెప్పిన వైద్యం తేలికే: కుళ్లినంత మేర తీసేయడం, శుభ్రం చేసి మందు పెట్టడం, పొడిగా ఉంచడం. మొదటి రెండూ చేశాం. మూడోదానికి పొడి చోటేదీ? కార్తీకం చివర్లో ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లు వదులుకున్నాం. ఒకళ్లు అడ్వాన్సు వాపసు తీసుకోవడమే కాక పెళ్లి రోజు టెన్షన్ పెట్టామని నానా మాటలూ అన్నారు. వాళ్లను మాత్రం ఏమనగలం?

ఇంకో పొరపాటు కూడా చేసేవాణ్ని. రాణిది నుక్రా రంగు, అంటే వెంట్రుకా తెలుపే, కింద చర్మమూ గులాబీ రంగే. ఊరేగింపుకు తెల్లగా కనపడాలని రోజూ సాయంత్రం పైపు పెట్టి కాళ్లకు బురద కడిగేవాణ్ని. మడమల వెనక పొక్కులొచ్చి పెచ్చులు కట్టాయి. బురద కన్నా రోజూ తడపడమే ఎక్కువ చెరుపని ఆలస్యంగా తెలిసింది. ఎండనిచ్చి బ్రష్షుతో దులిపేయాలి. తప్పక కడిగితే తువ్వాలుతో పొడిగా తుడవాలి. ఆ పని మా అమ్మ తీసుకుంది. ఇంట్లో తువ్వాళ్లన్నీ సాలలోకే పోయాయి, అది వేరే కథ.

2024 జనవరిలో ఒకరోజు మాటల్లో మా బాబాయి అడిగాడు: "ఎప్పుడూ రాయి గురించే అంటావు, అసలు నీళ్లు ఎట్టించి వస్తన్నాయో చూశావా?" నిజం చెప్పాలంటే చూడలేదు. వాన పడితే షెడ్డులో కూర్చునేవాణ్ని. తర్వాత అకాల వాన ఒకటి పడ్డప్పుడు గొడుగేసుకుని దొడ్డంతా తిరిగా. నీళ్లు నడిచిన చోటల్లా పుల్లలు పాతుకుంటూ పోయి, వెలిసాక వాటి వెంబడి ముగ్గుపిండితో గీతలు గీశా. నేను అనుకున్నదొకటి, అక్కడ ఉన్నదొకటి. నా దొడ్డి మీద పడే వాన సమస్యే కాదు. సగం నీళ్లు షెడ్డు రేకుల మీది నుంచి, ఇంకో పెద్ద వాటా పైనున్న చేలో నుంచి వస్తున్నాయి.

షెడ్డు పొడవు 60 అడుగులు, వెడల్పు 30. లెక్కేస్తే, 10 సెంటీమీటర్ల వాన పడిన రోజు ఆ కప్పు మీద 16 వేల లీటర్లకు పైనే నీళ్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. అందులో సగం గుమ్మం ముందే, గుర్రాలు గంటలకొద్దీ నిలబడే చోటే పడేది. నేను ఒకటిన్నర ట్యాంకర్ల నీళ్లు తెచ్చి అక్కడ కుమ్మరించుకుంటూ, పైన గ్రావెల్ పోసి లాభం లేదంటూ తిరిగానన్నమాట.

అందుకే ముందు రాయి జోలికి పోలేదు. రేకు అంచున గట్టర్ బిగించి, రెండు మూలలా పైపులు దించి, నీళ్లు దొడ్డి బయటికి పోయేట్టు చేశాం. పై చేను వైపు గట్టు లోపల అడుగున్నర లోతు కాల్వ తీశాం. ఇక్కడే చిన్న గొడవ. కాల్వ నీళ్లు ఎక్కడో ఒకచోట కలవాలి కదా. పల్లం వైపు ఉన్నది బాబాయి శనగ చేను. సలహా ఇచ్చిన మనిషే గట్టు మీద నిలబడి "మీ దొడ్డి నీళ్లు నా చేలోకి ఎట్టా వదుల్తావురా?" అన్నాడు. న్యాయమే. చివరికి 80 అడుగులు పైపు పూడ్చి రోడ్డు కింద తూము దగ్గరికి కలిపాం. ఆ ఖర్చు నా లెక్కలో లేదు. దొడ్డి బాగుచేసుకునేవాళ్లు ఎవరైనా ముందుగా ఈ మాట తేల్చుకుంటే మంచిది, నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయని.

మే నెల చివర్లో అసలు పని మొదలైంది. 60 సెంట్లు మొత్తం రాయి పరచడం మా వల్ల కాదు. గుర్రాలు దొడ్డి చుట్టూ తిరిగే బాట 600 అడుగుల పైనే. దాంట్లో మెరక మీదున్నంత మేర ఎలాగూ బాగానే ఉంటుంది. అందుకని షెడ్డు ముందు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఆవరణ ఒకటి, అక్కడి నుంచి నీళ్ల తొట్టి మీదుగా మెరక దాకా 220 అడుగుల దారి ఒకటి అనుకున్నాం. దారి వెడల్పు మొదట 6 అడుగులు చాలనుకున్నా. మా నాన్న ఒప్పుకోలేదు. బాద్‌షా ఎదురొస్తే రాణి పక్కకు తప్పుకోవాలి, తప్పుకోడానికి చోటు లేకపోతే కంచె మీద పడుతుంది. 10 అడుగులు పెట్టాం. తొట్టి దగ్గర, మలుపుల్లో ఇంకా ఎక్కువ.

జేసీబీ పెట్టి పై మట్టి 8 అంగుళాలు తీయించాం. ఏళ్ల తరబడి పేడ, మూత్రం, ఊక కలిసిన మెత్తటి మట్టి అది. దాని మీద ఏం వేసినా దిగుతుంది. బాబాయి సొంత ట్రాక్టరు తెచ్చుకుని మొత్తం తన చేలోకి తోలుకుపోయాడు. నీళ్ల గొడవకు అది రాజీ అనుకోవచ్చు. కింద తేలిన నేల రాయిలా ఎండి, నెర్రెలు విచ్చి ఉంది. దాని మీద వెంటనే రోలర్ ఎక్కించబోతే జేసీబీ తోలే అబ్బాయి ఆపాడు. ఎండు రేగడి దిమ్మిసకు లొంగదట, పదును, అంటే తగినంత తడి, ఉండాలట. రెండు రోజులు సాయంత్రాలు నీళ్లు చల్లి, మూడో రోజు, పిడికిట్లో నొక్కితే ముద్దయి వేళ్లకు అంటుకోనంత పదునులో రోలర్ తిప్పాం. నీళ్లు జారిపోయేలా వాటం పది అడుగులకు మూడు అంగుళాలు ఇచ్చాం, షెడ్డు నుంచి బయటికి. మేస్త్రి లెవల్ ట్యూబ్‌లో నీళ్లు పోసుకుని మేకులకు దారం కట్టి చూపించాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. కంటికి మాత్రం నేల చదునుగానే కనిపించేది.

తర్వాత గుడ్డ. రాయి రేగడిలోకి దిగకుండా, రేగడి పైకి రాకుండా మధ్యలో పరిచేది. రోడ్డు పనుల్లో వాడే జియోటెక్స్‌టైల్, చేత్తో పట్టుకుంటే పలచటి కంబళిలా ఉంటుంది. ఖర్చెందుకు, రొయ్యల చెరువుల్లో వాడి తీసేసిన ప్లాస్టిక్ షీటు దండిగా దొరుకుతుంది కదా అని చుట్టం ఒకాయన సలహా ఇచ్చాడు. నాకూ మనసు లాగింది, దాచడమెందుకు. అయితే గ్రానైట్ దెబ్బ తిన్నవాణ్ని కాబట్టి ఈసారి ముందు పరీక్ష పెట్టా. రెండు బకెట్ల మీద ఒకదానికి షీటు ముక్క, రెండోదానికి గుడ్డ ముక్క కట్టి చెరో చెంబు నీళ్లు పోశా. గుడ్డ మీదివి నిమిషంలోపే కిందకి దిగిపోయాయి. షీటు మీదివి మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా అలాగే ఉన్నాయి, ఒక కాకి వచ్చి తాగుతోంది. దారి కింద ఆ షీటు వేసుంటే రాయి మధ్య చెరువు కట్టినట్టయ్యేది.

గుడ్డ అంచు మీద అంచు ఒక అడుగు ఎక్కించి పరిచాం. దాని మీద 40 ఎం.ఎం. కంకర 6 అంగుళాలు. ఇది క్రషర్‌లో, అంటే రాయి కొట్టే మిల్లులో, వచ్చిన కంకరే కావాలి, పదునైన అంచులున్నది. నున్నటి గుండ్రాళ్లు కాలి కింద దొర్లుతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. టిప్పర్ నేరుగా గుడ్డ మీదికి ఎక్కితే ముడతలు పడుతుందని, వెనక నుంచి పోసుకుంటూ, పోసిన రాయి మీదుగానే ముందుకు వచ్చాం. రోలర్ తిప్పాక పైన 3 అంగుళాల క్రషర్ డస్ట్, అంటే రాయి కొట్టగా వచ్చే గరుకు పొడి. నీళ్లు కొట్టి మళ్లీ రోలర్. కంకర 17 యూనిట్లు, డస్ట్ 9 యూనిట్లు పట్టింది (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). ఊరికే ఇస్తామన్నారు కదా అని గ్రానైట్ కోతలో వచ్చే బూడిద లాంటి పొడి మాత్రం తెచ్చుకోకండి. తడిస్తే అది పేస్టే.

అంచుల్లో డస్ట్ జారిపోకుండా పాత కరెంటు స్తంభాల ముక్కలు కాస్త, జామాయిల్ దుంగలు కాస్త వరసగా పెట్టాం. మొత్తం, గట్టర్లూ పైపుతో కలిపి, లక్షా ముప్పై వేల దాకా అయింది. ముప్పై వేలు చేబదులు. మా నాన్న పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

గుర్రాలను వదిలిన రోజు గమ్మత్తు. రాణి దారి అంచు దాకా వచ్చి, మెడ సాచి వాసన చూసి, ముందు కాలు ఒకటి పెట్టి తీసి, మళ్లీ పెట్టి, అరగంట నిలబడింది. గ్రానైట్ సంగతి దానికీ గుర్తుంది మరి. బాద్‌షాకి ఉలవల గంప చూపించి ముందు నడిపిస్తే దాని వెనకే వచ్చింది.

అదే వారం డస్ట్ మీదే గడ్డి వేశా. అది ఇంకో తప్పు. నేల మీది గడ్డితో పాటు గుర్రం డస్టూ ఇసుకా మింగుతుంది. అది పేగుల్లో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది, గుర్రానికి కడుపునొప్పి అంటే ప్రాణం మీదికే రావచ్చు. డాక్టరు గారు చెప్పిన చిట్కా ఒకటుంది. నేలకు తగలని పేడ ఉండలు నాలుగైదు ఒక సీసాలో నీళ్లు పోసి కలిపి కదలకుండా ఉంచాలి. మా సీసా అడుగున తెల్లారేసరికి సన్నటి బూడిదరంగు పొర, చిటికెన వేలి గోరంత మందం. వెంటనే లారీ టైర్లు రెండు తెచ్చి అడుగున రబ్బరు షీటు బిగించి వాటిలో గడ్డి వేయడం మొదలుపెట్టాం. ఇప్పటికీ నెలకోసారి సీసా పరీక్ష చేస్తా.

2024 వానలకు దారి నిలిచింది, ఒక్క గేటు దగ్గర తప్ప. మేత వేళకు ఇద్దరూ అక్కడే నిలబడి కాళ్లు కొడుతుంటారు, డస్ట్ లేచిపోయి కంకర పైకి తేలింది. అక్కడ ఇంకో లోడు వేశాం. అసలు చాకిరీ మాత్రం పేడదే. రెండు గుర్రాలు రోజుకు ముప్పై కిలోల పైనే వేస్తాయి. రెండు పూటలా ఎత్తకపోతే అది డస్టులో కలిసి, వాన పడగానే దారి మీదే కొత్త బురద తయారవుతుంది. ఒక పెళ్లి కోసం రెండు రోజులు ఊరెళ్లొచ్చేసరికి తొట్టి దగ్గర అదే జరిగింది. ఎండాకాలం డస్ట్ లేస్తుంది, సాయంత్రాలు నీళ్లు చల్లాలి. ఇవేవీ మొదట్లో ఎవరూ చెప్పరు.

మొన్న 2025 అక్టోబరు చివర్లో మోంథా తుఫాను వానలకు గొడుగేసుకుని మళ్లీ దొడ్డంతా తిరిగా, ఈసారి అలవాటుగా. గట్టర్ల పైపులు బుస్సుమని పోస్తున్నాయి. పై చేను నీళ్లు ఎర్రగా నల్లగా కాల్వలో పరుగెడుతున్నాయి. దారి తడిసింది గానీ కాలు దిగలేదు, నా చెప్పుల ముద్రలు కూడా సరిగా పడలేదు. అయితే ఈశాన్యం మూల, మేం డబ్బుల్లేక వదిలేసిన చోట, మోకాలి లోతు అడుసు అలాగే ఉంది. వాన వెలిసీ వెలవగానే రాణి ఇంత ఖర్చు పెట్టి వేసిన దారి మీద బుద్ధిగా నడుచుకుంటూ చివరి దాకా వెళ్లి, సరిగ్గా ఆ మూల బురదలో వెల్లకిలా పడి దొర్లింది. నాలుగు రోజుల్లో దానికి పెళ్లి ఊరేగింపు ఉంది. అమ్మ తువ్వాళ్లు తీసుకుని బయల్దేరింది.

ఆ వారమే లాడాలు కొట్టే పెద్దాయన వచ్చాడు. ఎనిమిది లాడాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. రాణి కాలెత్తి కొక్కెంతో గీకాడు. పొడి మట్టి రాలింది. కొక్కెం ఈసారి నాకివ్వలేదు, తన ముక్కు దగ్గరే పెట్టుకుని వాసన చూశాడు. కాలు దించి, నడుం పట్టుకుని లేచి, దారి వంక ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"టీ పెట్టించు" అన్నాడు.